దుబాయ్‌లో ఇరుక్కుపోయారా? ముందు నోల్ కార్డ్ కొనండి

దుబాయ్ పోయొచ్చినోళ్లు రాసేవన్నీ బుర్జ్ ఖలీఫా, డెజర్ట్ సఫారీ, బంగారం రేటు చుట్టూనే తిరుగుతుంటాయి. ప్యాకేజీలో పోయి ప్యాకేజీలో వచ్చేవాళ్లకు అంతవరకు చాలు. తిరుగు ఫ్లైట్ క్యాన్సిలై, ప్యాకేజీ గడువు అయిపోయి, హోటల్ రూముకు సొంత డబ్బు కట్టుకుంటూ, ఇంకెన్ని రోజులుండాలో తెలియక కూర్చున్నోళ్లకు మాత్రం వేరే సరుకు కావాలి. నా లెక్కలో ఆ సరుకు 25 దిర్హమ్‌ల ప్లాస్టిక్ కార్డ్. పేరు నోల్. దుబాయ్ మెట్రో, సిటీ బస్సులు, ట్రామ్ అన్నిటికీ అదే టికెట్. ఈ రివ్యూ దాని గురించే.

2024 ఏప్రిల్ వానల్లో అక్కడ చిక్కుకున్న కడప వాళ్లలో మేమూ ఉన్నాం. నేను, అమ్మ, పెద్దమ్మ. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు పెద్దోళ్లను వెంటేసుకుని ఈ కార్డ్ వాడిన మనిషిగా రాస్తున్నాను కాబట్టి, బ్యాగు తగిలించుకుని ఊరంతా నడిచి తిరిగే కుర్రోళ్లకు ఇందులో కొన్ని మాటలు చాదస్తంగా అనిపించొచ్చు. అమ్మానాన్నల్ని తీసుకుపోయేవాళ్లు మాత్రం పూర్తిగా చదవండి.

సంగతి ఏంటంటే, రంజాన్ సెలవులు చూసుకుని పోయాం. ఏప్రిల్ 16న వాన దంచింది. అక్కడ లెక్కలు రాయడం మొదలుపెట్టిన 1949 నుంచి అంత వాన పడలేదట. అల్ ఐన్ దగ్గర ఒకచోట 24 గంటల లోపలే 254 మిల్లీమీటర్లు కొట్టింది. మామూలుగా ఏడాది మొత్తం కలిపినా 100 మిల్లీమీటర్లు పడని దేశం అది. మేము 2001లో బుగ్గవంక పొంగి ఊర్లోకి వచ్చింది చూసినోళ్లమే, నీళ్లు మాకు కొత్త కాదు. కానీ అక్కడ చాలా రోడ్లకు వాననీళ్లు పోయే కాలవలే లేవు, పడిన నీళ్లు పడినచోటే నిలిచిపోయాయి, ట్యాంకర్లు తెచ్చి తోడుకున్నారు. ఎయిర్‌పోర్ట్‌లో రెండు వేలకు పైగా ఫ్లైట్లు రద్దయ్యాయి, అంతా కుదురుకునేసరికి దాదాపు వారం. "ఎడారిలో వరదంట, ఈ మాట ఊర్లో చెప్తే ఎవురన్నా నమ్ముతారా" అని పెద్దమ్మ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

టికెట్లు ఇప్పించిన ఏజెంటు మొదట "వెయిట్ చేయండి సార్" అన్నాడు, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. ఆయన పేరు రాయను, రాసినా లాభం లేదు. అటువంటప్పుడు మీ చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, ఎయిర్‌లైన్ వాళ్ల నుంచి ఫ్లైట్ రద్దయినట్టు మెయిల్ తీసిపెట్టుకోవడం, ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. రెండు, వీసా తేదీ చూసుకోవడం. మాది 30 రోజుల టూరిస్ట్ వీసా కాబట్టి టెన్షన్ లేదు. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌లు ఫైన్, అప్పటి రేటుకు మన డబ్బుల్లో పదకొండు వందలు దాటుతుంది, మనిషికి. ఈ రెండూ చూసుకున్నాక రూములో కూర్చుని ఫోన్ గీకుతూ చేసేదేం లేదు. బయట పడాలి. బయట పడాలంటే డబ్బులు, అక్కడే నోల్ పనికొస్తుంది.

కార్డుల్లో రకాలున్నాయి. రెడ్ అనేది కాగితం టికెట్టు, ఒకటీ అరా ట్రిప్పులకు, ఛార్జీ కూడా ఒక దిర్హమ్ ఎక్కువ. సిల్వర్ తీసుకోండి. 25 దిర్హమ్‌లు ఇస్తే అందులో 19 దిర్హమ్‌లు ప్రయాణానికే ఉంటాయి, కార్డ్ ఐదేళ్లు పనిచేస్తుంది. గోల్డ్ ఉంది, దాని సంగతి తర్వాత. బ్లూ అనేది పేరు, ఫోటోతో వచ్చేది, అక్కడ ఉండేవాళ్లకు. సిల్వర్ మీద పేరుండదు కాబట్టి పారేసుకుంటే బ్యాలెన్స్ కూడా పోయినట్టే. ఒక్క కార్డ్ కొట్టి ముగ్గురు లోపలికి పోదామంటే కుదరదు, మనిషికొకటి ఉండాల్సిందే. ఐదేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు.

ఊరంతా ఏడు జోన్లుగా విడగొట్టారు. ఒకే జోన్‌లో తిరిగితే 3 దిర్హమ్‌లు, పక్క జోన్‌కు పోతే 5, అంతకు మించి ఎంత దూరం పోయినా 7.5. మెట్రో దిగి అరగంటలోపు బస్సు ఎక్కితే కొత్త ఛార్జీ మొదలుకాదు, అంతా ఒకే ప్రయాణం కింద లెక్క. రోజంతా చుట్టేయాలనుకుంటే 20 దిర్హమ్‌ల డే పాస్ ఉంది. దూరపు ట్రిప్పులు మూడు ఉంటేనే అది గిట్టుబాటు, లేకపోతే మామూలు కార్డే మేలు. అప్పట్లో దిర్హమ్ 22, 23 రూపాయల మధ్య ఉండేది, మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ముగ్గురు మనుషులుంటే దగ్గర దూరాలకు మెట్రో పెద్ద చవకేం కాదు. పక్క జోన్‌కు ముగ్గురికీ కలిపి 15 దిర్హమ్‌లు, టాక్సీ మినిమం అప్పుడు 12. మామూలు రోజుల్లో అయితే టాక్సీయే ఎక్కేవాళ్లం. కానీ ఆ వారం రోడ్ల మీద నీళ్లు, డైవర్షన్లు, సిగ్నల్ దగ్గర ఆగిన టాక్సీలో మీటరు మాత్రం ఆగదు. "ఒరేయ్, బండి నిలబడే ఉంది, అదెందుకు తిరుగుతాంది" అని అమ్మ అడిగిన రోజే టాక్సీలకు మంగళం పాడేశాం. మెట్రో కూడా చెక్కుచెదరకుండా ఏమీ లేదు, దానికి రెడ్, గ్రీన్ అని రెండు దారులుంటే రెడ్ లైన్‌లో కొన్ని స్టేషన్లు మే నెల దాకా మూసే ఉంచారు. ఆ ముక్కకు బస్సులు పెట్టారు, క్యూలు చాంతాడంత. మేము ఉన్న దేరా వైపు, గ్రీన్ లైన్‌లో మాత్రం నీళ్లు తగ్గాక ఇబ్బంది పడలేదు.

వాడే పద్ధతి: గేటు దగ్గర కార్డ్ ఆనిస్తే టింగుమంటుంది, చిన్న స్క్రీన్ మీద బ్యాలెన్స్ కనపడుతుంది. మా అమ్మకు ఆ అంకె చదవడం ఒక వ్యసనం అయిపోయింది. గేటు దాటగానే వెనక్కి తిరిగి "పద్నాలుగు ఉండాది" అని అందరికీ వినపడేటట్టు చెప్పేది, వెనకాల వచ్చేవాళ్లు ఏదో ప్రకటన అనుకుని ఆగేవాళ్లు. దిగేటప్పుడు కూడా కొట్టాలి, బస్సులో అయితే తలుపు దగ్గర మిషన్ ఉంటుంది. అది మర్చిపోతే దూరం ఎంతో దానికి తెలియదు కాబట్టి ఎక్కువ ఛార్జీ కోసేస్తుంది. అసలు కార్డ్ కొట్టకుండా ఎక్కి దొరికితే 200 దిర్హమ్‌ల ఫైన్. లోపల తినడం, తాగడం, చూయింగ్ గమ్ నమలడం అన్నీ ఫైన్లే. పెద్దమ్మ నోట్లో వక్కపొడి ఉందని నాకు నాలుగు స్టేషన్లు ప్రాణం కొట్టుకుంది.

మెట్రోకు డ్రైవర్ ఉండడు. 2009లో మొదలైనప్పటి నుంచీ అంతే. రైల్లో ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా చోటుంటుంది, నేల మీద గులాబీ రంగు గీత గీసి ఉంటుంది, మగవాళ్లు ఆ గీత దాటితే 100 దిర్హమ్‌లు వసూలు చేస్తారు. రద్దీలో పెద్దోళ్లకు సీటు దొరకాలంటే ఆ వైపు పంపడమే దారి. వాళ్లిద్దరూ గీతకు అవతల కూర్చుంటారు, నేను గీతకు ఇవతల కడ్డీ పట్టుకుని నిలబడి సైగలు చేస్తుంటా. మొదటిరోజు భయపడ్డాను, వీళ్లకు భాష రాదు, రద్దీలో నాకు కనపడకుండా పోతే ఎట్లా అని. రెండు స్టేషన్లు దాటేసరికి చూస్తే పక్కనున్నావిడతో ముచ్చట్లు. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, అక్కడ ఒక ఇంట్లో వంట పని, సంవత్సరాలుగా ఉంటోంది. మన జిల్లా నుంచి కువైట్, దుబాయ్ పోయినోళ్లు వీధికొకరు ఉంటారని తెలుసు, అయినా ఆ మాట వినగానే పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "ప్యాకేజీ వాళ్లు అద్దాల మేడలే చూపిస్తారు మ్మా. అబ్రా ఎక్కినారా? ఒక్క దిరమ్మే" అందట. ఆ మాటతో మిగిలిన రోజుల ప్రోగ్రాం మారిపోయింది.

అబ్రా అంటే దుబాయ్ క్రీక్ దాటించే చెక్క పడవ. ఊరిని రెండుగా చీల్చుకుంటూ సముద్రం నుంచి లోపలికి వచ్చిన పాయ అది, ఒక ఒడ్డు దేరా, రెండో ఒడ్డు బర్ దుబాయ్. మెట్రో అయితే దాని అడుగు నుంచి పోతుంది, చీకటి తప్ప ఏం కనపడదు, పైగా జోన్ మారుతుంది కాబట్టి 5 దిర్హమ్‌లు. పడవకు ఒక్క దిర్హమ్. మధ్యలో పొడవాటి బల్ల, జనం వీపు వీపు ఆనించుకుని నీళ్ల వైపు మొహం పెట్టి కూర్చుంటారు, పడవ నడిపే ఆయన నడిమధ్య గుంతలో నిలబడి ఉంటాడు. పక్కన అడ్డు ఏమీ ఉండదు. ఒడ్డుకూ పడవకూ మధ్య సందు ఉంటుంది, అది ఊగుతుంటుంది, మోకాళ్ల నొప్పులోళ్లకు ఎక్కడమే కష్టం. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఒక కాలు ఒడ్డున, ఒక కాలు గాల్లో పెట్టి అక్కడే ఆలోచనలో పడింది. పడవాయన మాట్లాడకుండా ముంజేయి చాపాడు, పట్టుకుని దిగిపోయింది. సగం దూరం పోయాక ఆయనే చెయ్యి చాపి డబ్బులు వసూలు చేసుకుంటాడు. కాఫీ కూజా బొమ్మున్న దిర్హమ్ నాణేలు జేబులో ఉంచుకోండి, ఎందుకంటే ఈ పడవలో నోల్ పనికిరాదు, నగదే. ఊర్లో అన్నిటికంటే బాగున్న ప్రయాణానికి ఈ కార్డ్ చెల్లకపోవడం నాకు అస్సలు నచ్చలేదు, సగం మార్కు అక్కడే కోసేశా. సాయంత్రం వెలుతురులో అటూ ఇటూ ఎన్నిసార్లు దాటామో, ముగ్గురం కలిపి ఖర్చుపెట్టింది కొన్ని టీల ఖర్చంతే.

అవతల ఒడ్డున దిగితే బట్టల బజారు, చెక్క కప్పు కింద నీడగా ఉంటుంది. దాని వెనక సందులో పాత శివాలయం ఉండేది, ఇంటర్నెట్‌లో చాలామంది ఇంకా అక్కడికే పొమ్మని రాస్తున్నారు. 2024 జనవరిలో దాన్ని జెబెల్ అలీకి మార్చేశారు, 2022లో కట్టిన కొత్త గుడి ఉంది కదా, అక్కడికి. పెద్దోళ్లను ఆ సందుల్లో నడిపించి నిరాశ పెట్టకండి. కొంచెం ముందుకు పోతే అల్ ఫాహిదీ అనే పాత పేట, లోపల తిరగడానికి టికెట్ లేదు. పగడపు రాయి, జిప్సంతో కట్టిన ఇళ్లు, వాటి నెత్తిన నాలుగు వైపులా తెరుచుకున్న గాలి గోపురాలు. కరెంటు లేని రోజుల్లో పై గాలిని పట్టి ఇంట్లోకి దింపే ఏర్పాటు. అమ్మ ఒక గోపురం కింద నిలబడి తలెత్తి చూసి, నిజంగానే గాలి వస్తోందని కొంగుతో చెమట తుడుచుకుని మమ్మల్ని కూడా పిలిచింది. కడప ఏప్రిల్ ఎండకు అలవాటు పడినోళ్లకు ఇటువంటి విషయాలు బుర్జ్ ఖలీఫా కంటే బాగా ఎక్కుతాయి.

దేరా వైపు అల్ రాస్ స్టేషన్‌లో దిగితే మసాలా బజారు, బంగారం బజారు రెండూ నడక దూరం. బంగారం గురించి రాయను, అందరికీ తెలిసిందే, మేము చూసి వచ్చేశాం. మసాలా బజారులో ఇరాన్ కుంకుమపువ్వు, సాంబ్రాణి, నల్లగా ఎండిపోయిన నిమ్మకాయలు గోనెల్లో పోసి పెట్టుంటారు. చెప్పిన ధరలో సగానికి అడగండి, మొహమాటపడితే మునిగిపోతారు. పెద్దమ్మ తెలుగులోనే బేరమాడింది, వేళ్లు చూపించి, వెనక్కి తిరిగి నడిచి, మళ్లీ పిలిపించుకుని. నాకంటే తక్కువకు తెచ్చింది.

దుబాయ్ మాల్ కూడా నోల్ మీదే పోయాం. స్టేషన్ నుంచి మాల్ దాకా దాదాపు 800 మీటర్ల ఏసీ వంతెన, మధ్యమధ్యలో నిలబడితే ముందుకు తీసుకుపోయే నేల ఉంటుంది, పెద్దోళ్లకు ఇబ్బంది లేదు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కే టికెట్ డబ్బులతో మా ముగ్గురికీ రెండు రోజుల తిండి అయిపోతుంది. కింద చెరువు దగ్గర ఫౌంటెన్ చూడటం ఉచితం, సాయంత్రం ఆరు నుంచి అరగంటకోసారి ఆడుతుంది, అది చాలు. 2025లో కొన్ని నెలలు మరమ్మతులకు మూసి అక్టోబరులో మళ్లీ తెరిచారు. వచ్చేటప్పుడు అమ్మ పట్టుబట్టి గోల్డ్ క్లాస్ ఎక్కించింది. ఛార్జీ రెట్టింపు, సీట్లు మెత్తగా ఉంటాయి, రైలు కొసన పెద్ద అద్దంలోంచి షేక్ జాయెద్ రోడ్డు మొత్తం కనపడుతుంది. ఒకసారికి సరదా, రోజూ అయితే దండగ. కోచ్‌లో ఉన్న మిగతావాళ్లు ల్యాప్‌టాప్ తెరుచుకుని ఉంటే మా పెద్దమ్మ ఫోన్లో ఊరికి వీడియో కాల్ చేసి దారంతా చూపించింది. అవతల నుంచి నామినేషన్ల మైకుల మోత, ఎన్నికల సమయం కదా, "మీరు ఆడే ఉండండి, ఈడ చెవులు పగిలిపోతాండాయి" అన్నారు.

అబుదాబికి కూడా ఈ కార్డ్‌తో పోవచ్చు. అల్ ఘుబైబా బస్టాండ్ నుంచి ఈ100 బస్సు, 25 దిర్హమ్‌లు, నోల్‌లోంచే కోస్తారు, బ్యాలెన్స్ చూసుకుని పోవాలి. అసలు తిరకాసు అక్కడ దిగాక మొదలవుతుంది. అబుదాబి సిటీ బస్సుల్లో నోల్ చెల్లదు, హఫీలాత్ అనే వేరే కార్డ్ కొనాలి. ఒకే దేశం, గంటన్నర, రెండు గంటల దూరం, రెండు కార్డులు. అక్కడ షేక్ జాయెద్ మసీదుకు టికెట్ లేదు కానీ ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఆడవాళ్లు తల, ఒళ్లు పూర్తిగా కప్పుకోవాలి. ఆ ఫిబ్రవరిలోనే తెరిచిన పెద్ద హిందూ మందిరానికి ప్రొద్దుటూరు వాళ్లు ఒకరు తమ కారులో తీసుకుపోయారు. అది ఊరికి దూరంగా, హైవే పక్కన ఉంది, దానికీ ముందస్తు నమోదు ఉంటుంది. పెద్దోళ్లతో బస్సులు మారి పోయే చోటు కాదు.

కార్డ్‌తో సంబంధం లేని ముక్క ఒకటి, కానీ చెప్పకపోతే తప్పు. ట్రిప్ పొడిగితే మొదట అయిపోయేది మాత్రలు. అమ్మ బీపీ మాత్రల ఖాళీ షీట్ పారేయకుండా ఉంచింది, దేరాలో మెడికల్ షాపులో మలయాళీ అబ్బాయి వెనక రాసున్న మందు పేరు చూసి అదే మందు వేరే కంపెనీది ఇచ్చాడు. ధర మాత్రం మన దగ్గరకంటే బాగా ఎక్కువ. ఊరు దాటేటప్పుడు పది రోజులవి అదనంగా, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. తిండికి బాధ లేదు, సందుకొక కెఫెటీరియా, కరక్ చాయ్ ఒకటి రెండు దిర్హమ్‌లే. కరామాలో ఆంధ్రా భోజనం దొరికింది, పప్పు బాగుంది, మా కారం దోసె మీద పెట్టుకున్న ఆశ మాత్రం తీరలేదు.

మార్కులంటే ఐదుకు నాలుగు వేస్తా. తగ్గించింది అబ్రాకు, అబుదాబికి. ఒంటరిగా పోయేవాళ్లకు, ఇద్దరికి కళ్లు మూసుకుని కొనొచ్చు. ముగ్గురు, నలుగురు ఉంటే దగ్గర దూరాలకు టాక్సీ లెక్క కూడా చూసుకోండి.

చివరికి ఫ్లైట్ దొరికాక ఎయిర్‌పోర్ట్‌కు కూడా మెట్రోలోనే పోదాం అనుకునేవాళ్లు మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. మెట్రో స్టేషన్లు టెర్మినల్ 1కు, 3కు ఉన్నాయి, 2కు లేదు. ఆదివారం పొద్దున ఎనిమిదికి గానీ రైళ్లు మొదలుకావు, మిగతా రోజుల్లో ఐదుకే. మనిషికి ఒక పెద్ద సూట్‌కేసు, ఒక చిన్న బ్యాగు, అంతే రానిస్తారు. తాడు కట్టిన అట్టపెట్టెలు, దుప్పట్ల మూటలు ఉన్నోళ్లు ముందే టాక్సీకి డబ్బులు పక్కన పెట్టుకోండి. మేము టాక్సీలోనే పోయాం.